రామ్ సిక్లిడ్‌ను ఇంటి అక్వేరియంలో పెంచడం: తరచుగా అడిగే ప్రశ్నలు

పసుపు ఒంటి మీద నీలి చుక్కలు, కంటి మీదుగా దిగే నల్లటి గీత, వీపు రెక్క మొదట్లో కిరీటంలా నిలబడే నల్లటి ముళ్లు: రామ్ సిక్లిడ్ అనే ఈ చిన్న చేపను (సిక్లిడ్ అంటే ఒక చేపల కుటుంబం) ఒకసారి చూసినవారు మళ్లీ మళ్లీ దాని గురించే అడుగుతారు. దురదృష్టవశాత్తు, ఎంతో ఇష్టపడి తెచ్చుకున్నవారిలో చాలామంది నెల తిరక్కుండానే దానిని పోగొట్టుకుంటారు. చేప సున్నితమైనదన్న మాట నిజమే గాని, నా అనుభవంలో ఆ మరణాలలో ఎక్కువ భాగం చేపను తేవడానికి ముందు చేయవలసిన పని చేయకపోవడం వల్ల జరిగినవే. అందువల్ల ఈ సమాధానాలలో రంగు కంటే నీటి గురించే ఎక్కువగా చెప్పవలసి వచ్చింది.

ఈ చేప ఎక్కడిది? దీనికి ‘రామ్’ అన్న పేరు ఎలా వచ్చింది?

దక్షిణ అమెరికాలో కొలంబియా, వెనెజువెలా దేశాల మీదుగా ప్రవహించే ఒరినోకో నది పరీవాహక ప్రాంతం దీని పుట్టిల్లు. అక్కడి ‘యానోస్’ అనే విశాలమైన గడ్డిమైదానాలలో వానాకాలం వరదకు నిండి వేసవికి తగ్గిపోయే వాగులలో, నెమ్మదిగా పారే వెచ్చని, లోతు తక్కువైన నీటిలో ఇది జీవిస్తుంది. 1948లో మైయర్స్, హ్యారీ అనే శాస్త్రవేత్తలు దీనిని మొదటిసారి వర్ణించారు. తొలినాళ్లలో దీనిని సేకరించి అక్వేరియం వ్యాపారానికి పరిచయం చేసినవారిలో ఒకరైన మాన్యుయెల్ రామిరెజ్ గౌరవార్థం ‘రామిరెజి’ అని పేరు పెట్టారు. వాడుకలో అది కురచబడి ‘రామ్’ అయింది. మన చెవికి ఇంకొక విధంగా వినిపించినా, ఆ పేరుకు మూలం ఆ ఇంటిపేరే. ఇప్పుడు శాస్త్రీయంగా దీనిని మైక్రోజియోఫేగస్ రామిరెజి అంటారు. ‘మన్ను తినే చిన్నది’ అని ఆ ప్రజాతి పేరుకు అర్థం, ఆ అర్థానికి కారణం అడుగున వేసే ఇసుక గురించి చెప్పేటప్పుడు తెలుస్తుంది.

మగ చేప ఐదారు సెంటీమీటర్లు పెరుగుతుంది, ఆడది అంతకంటే కాస్త చిన్నది.

ట్యాంకు నిన్ననే పెట్టాను, నీరు అద్దంలా ఉంది. చేపను ఎప్పుడు వదలవచ్చు?

నీరు తేటగా ఉండడానికీ, చేపకు పనికి రావడానికీ సంబంధం లేదు. చేప మొప్పల నుంచీ, మిగిలిపోయిన తిండి నుంచీ, మలం నుంచీ నీటిలో అమ్మోనియా చేరుతుంది. దానిని ఒక జాతి బ్యాక్టీరియా నైట్రైట్‌గా, మరొక జాతి బ్యాక్టీరియా నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ విషాలు, మూడవది తక్కువ మోతాదులో ఉన్నంతవరకు ప్రమాదకరం కాదు. ఈ బ్యాక్టీరియా ఫిల్టరులోని స్పాంజి మీదా, రాళ్ల మీదా, ఇసుక రేణువుల మీదా స్థిరపడి సరిపడినంతగా పెరగడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. దీనినే సైక్లింగ్ అంటారు. చేపలు లేకుండానే, కొద్దికొద్దిగా అమ్మోనియా కలుపుతూనో చిటికెడు చేపల మేత వేసి కుళ్లనిస్తూనో ఈ పని పూర్తి చేయవచ్చు. వేసిన అమ్మోనియా ఒక రోజు గడిచేలోగా పూర్తిగా మాయమై, నైట్రైట్ కూడా సున్నాకు వచ్చినప్పుడు ట్యాంకు సిద్ధమైనట్టు లెక్క.

చాలా చేపల విషయంలో ఇక్కడితో ఆగవచ్చు, రామ్ విషయంలో మాత్రం నేను ఆగను. సైక్లింగ్ పూర్తయ్యాక గట్టి చేపలను కొన్నింటిని ముందు వదిలి, మరో రెండు మూడు నెలలు ట్యాంకును నడిపి, కొలతలు వారం వారం ఒకేలా వస్తున్నాయని నిర్ధారించుకున్న తరువాతనే రామ్‌ను తేవాలని నా గట్టి అభిప్రాయం. నా మొదటి జతను పదిరోజుల వయసున్న ట్యాంకులో వదిలాను. మూడవరోజు మగది, ఐదవరోజు ఆడది చనిపోయాయి. నీటిని పరీక్షించే కిట్ ఆ తరువాతగాని కొనలేదు. ఆ క్రమం తలకిందులుగా ఉండవలసింది.

ఒక జతకు ఎంత ట్యాంకు కావాలి?

అరవై సెంటీమీటర్ల పొడవు, ముప్పై వెడల్పు, ముప్పై ఎత్తు ఉన్న ట్యాంకులో దాదాపు 54 లీటర్ల నీరు పడుతుంది. ఒక జతకు ఇది కనీసం. రెండు జతలు ఉంచాలనుకుంటే తొంభై సెంటీమీటర్ల పొడవుకు తగ్గకూడదు. ఇవి అడుగు భాగంలో తిరుగుతూ నేలను పంచుకునే చేపలు కాబట్టి ఎత్తు కంటే పొడవు, వెడల్పు ముఖ్యం.

హీటర్ తప్పనిసరా? గది ఎలాగూ వెచ్చగానే ఉంటుంది కదా.

రామ్‌కు 27 నుంచి 30 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. గది పగలు వెచ్చగా ఉన్నా రాత్రి చల్లబడుతుంది, ఒక చలి వారంలో నీరు 23 డిగ్రీలకు జారితే చేప వెంటనే చావదు గాని, తిండి తగ్గించి, రంగు కోల్పోయి, లోపల ఉన్న పరాన్నజీవులకు లొంగిపోవడం మొదలుపెడుతుంది. కాబట్టి హీటరు ఉండవలసిందే, దానితో పాటు విడిగా ఒక థర్మామీటరు కూడా ఉండాలి, ఎందుకంటే హీటరు మీద అచ్చువేసిన అంకె నీటిలోని అసలు వేడితో కలవకపోవడం తరచుగా చూస్తాం. లీటరుకు ఒక వాట్ చొప్పున లెక్కవేసుకుంటే సాధారణంగా సరిపోతుంది.

దీనితో ముడిపడిన మరో విషయం చాలామంది గమనించరు. నీరు వేడెక్కే కొద్దీ అందులో ఇమడగల ప్రాణవాయువు తగ్గుతుంది: 25 డిగ్రీల వద్ద లీటరుకు సుమారు 8.3 మిల్లీగ్రాములు ఇమిడితే, 30 డిగ్రీల వద్ద సుమారు 7.6 మాత్రమే. కాబట్టి వెచ్చని ట్యాంకులో నీటి ఉపరితలం ఎప్పుడూ కదులుతూ ఉండేలా ఫిల్టరు మూతినో, గాలి బుడగలు వదిలే ఎయిర్ స్టోన్‌నో అమర్చాలి. అయితే ప్రవాహం చేపను నెట్టేసేంత ఉధృతంగా ఉండకూడదు. స్పాంజ్ ఫిల్టర్ ఈ రెండు అవసరాలనూ చక్కగా తీరుస్తుంది.

పీహెచ్ ఎంత ఉండాలి? మా నీరు కాస్త ఉప్పగా, గట్టిగా ఉంటుంది.

ప్రకృతిలో ఇవి లవణాలు చాలా తక్కువగా ఉండే ఆమ్ల స్వభావపు నీటిలో బతుకుతాయి. ఇంట్లో పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాన్ని తెలిపే కొలత) 5.5 నుంచి 7 మధ్య ఉండే మెత్తని నీరు, అంటే లవణాలు తక్కువగా ఉన్న నీరు మేలు. తరతరాలుగా ఫారాలలో పెరిగిన చేపలు 7.5 వరకూ తట్టుకుంటాయి గాని, లవణాలు ఎక్కువగా ఉండే గట్టి నీటిలో గుడ్లు సరిగా పొదగవు.

నీరు గట్టిగా ఉంటే ఆర్వో నీటిని మామూలు నీటితో కలిపి పలచన చేయడం నమ్మదగిన మార్గం. ఏ నిష్పత్తిలో కలిపారో రాసిపెట్టుకుని ప్రతిసారీ అదే పాటించాలి. పీహెచ్‌ను దించుతాయని అమ్మే ద్రావణాలను నేను సిఫారసు చేయను: నీటిలో కార్బోనేట్లు ఎక్కువగా ఉన్నంతకాలం ఆ మందు దించిన పీహెచ్ మర్నాటికి మళ్లీ పైకి లేస్తుంది, ఆ ఊగిసలాట చేపకు స్థిరమైన 7.4 కంటే ఎక్కువ హాని చేస్తుంది. శుభ్రంగా కడిగిన ఎండు బాదం ఆకులు రెండు మూడు వేస్తే నీరు లేత తేనీటి రంగులోకి మారి, మెత్తని నీటిలో పీహెచ్ కొద్దిగా తగ్గుతుంది, చేపలు కూడా భయం వదిలి తిరుగుతాయి. నీరు రంగు మారిందని కంగారు పడవలసిన పని లేదు.

పీహెచ్ మరీ 6 కంటే దిగువకు పోయినప్పుడు ఫిల్టరులోని బ్యాక్టీరియా మందగిస్తాయని గుర్తుంచుకోవాలి. అలాంటి నీటిలో అమ్మోనియా ఎక్కువ భాగం విషం కాని అమ్మోనియం రూపంలో ఉంటుంది కనుక చేప ఇబ్బంది పడినట్టు కనిపించదు. కాని అటువంటి ట్యాంకులో ఒక్కసారిగా పీహెచ్ 8 ఉన్న కుళాయి నీరు పెద్ద మొత్తంలో పోస్తే, అందులో కొంత భాగం అసలు అమ్మోనియాగా మారి చేపలను గంటల్లో చంపగలదు.

నీరు ఎంత తరచుగా మార్చాలి?

వారానికి ఒకసారి నాలుగవ వంతు. కొత్త నీటి వేడి ట్యాంకు నీటి వేడితో సమానంగా ఉండాలి, క్లోరిన్‌ను తొలగించే మందు కలపాలి. నీటిని ఒక రోజు నిల్వ ఉంచితే క్లోరిన్ పోతుంది గాని, కొన్ని చోట్ల దాని బదులు నీటి శుద్ధికి వాడే క్లోరమిన్ పోదు, కాబట్టి ఆ మందు మానవద్దు. నైట్రేట్ లీటరుకు 20 మిల్లీగ్రాములు దాటకుండా చూసుకుంటే ఈ లెక్క సరిపోయినట్టే.

అడుగున గులకరాళ్లు వేయవచ్చా?

వేయకపోవడం మంచిది. రామ్ నోటినిండా ఇసుక తీసుకుని, అందులోని తినదగిన రేణువులను ఉంచుకుని, మిగిలినది మొప్పల గుండా జారవిడుస్తుంది. దాని శాస్త్రీయ నామంలోని మన్ను తినడం ఇదే. పదునైన గులకరాళ్ల మీద ఈ పని చేయలేదు, చేయబోతే నోరు, మొప్పలు గాయపడతాయి. సన్నని గుండ్రని రేణువుల ఇసుకను రెండు మూడు సెంటీమీటర్ల మందాన పరిస్తే అది రోజంతా ఆ పనిలోనే ఉండడం చూడవచ్చు. నాకు ఈ చేపలో అన్నిటికంటే ఇష్టమైన దృశ్యం అదే.

మొక్కలలో అనూబియాస్, క్రిప్టోకోరిన్, అమెజాన్ స్వోర్డ్ ఈ వేడిని తట్టుకుంటాయి. పైన తేలే మొక్కలు కొన్ని ఉంటే వెలుతురు తగ్గి చేప ధైర్యంగా బయటకు వస్తుంది. రెండు మూడు చదునైన రాళ్లు, ఒక చెక్క దుంగ, దాక్కోవడానికి మూలల్లో కొన్ని చాటులు కూడా అవసరం.

బంగారు రామ్, ఎలక్ట్రిక్ బ్లూ, బెలూన్: వీటిలో ఏది ఎంచుకోవాలి?

ఇవన్నీ ఒకే జాతికి చెందినవి, మనుషులు ఎంపిక చేసి పెంచిన రూపాలు. జర్మన్ బ్లూ అని అమ్మేది సహజ రూపానికి దగ్గరగా ఉంటుంది. బంగారు రకంలో నల్లటి వర్ణం దాదాపు లోపించి పసుపు మిగులుతుంది. ఎలక్ట్రిక్ బ్లూ ఒళ్లంతా లేత నీలంగా మెరుస్తుంది. మొదటిసారి పెంచేవారికి నా సలహా సహజ రూపమే. ఎంతో ఇరుకైన వంశం నుంచి వచ్చిన రంగు రకాలు సాధారణంగా మరింత సున్నితంగా ఉంటాయి.

బెలూన్ రకాన్ని మాత్రం కొనవద్దని సూటిగా చెబుతాను. ఆ గుండ్రటి ఆకారం వెన్నెముక కురచబడడం వల్ల వచ్చింది, లోపలి అవయవాలు ఇరుకులో ఉంటాయి, ఈత కూడా కష్టమవుతుంది. కొనేవారు ఉన్నంతకాలం వాటిని పుట్టిస్తూనే ఉంటారు.

ఏ రకమైనా కొనేముందు పది నిమిషాలు గమనించాలి. నేల మీద తిరుగుతూ ఇసుక తడుముతున్నదా, మేత వేస్తే ముందుకు వస్తుందా, పొట్ట లోపలికి పోయి ఉందా, శ్వాస వేగంగా ఆడుతున్నదా చూడాలి. వేలెడు పొడవు కూడా లేని పిల్ల చేపలు పెద్దవాటి కంటే ముదురు రంగుతో మెరిసిపోతుంటే అనుమానించాలి: త్వరగా రంగు రావడానికి ఫారాలలో కొందరు హార్మోన్లు వాడతారు, అలాంటి చేపలలో కొద్ది వారాలకే రంగు వెలిసిపోవడం, సంతానం కలగకపోవడం సాధారణం.

ఇంటికి తెచ్చిన చేపను ట్యాంకులోకి ఎలా వదలాలి?

సంచి మూత విప్పకుండా పావుగంట ట్యాంకు నీటిపై తేలనిచ్చి వేడి సమం చేయాలి. తరువాత పాత్రలోకి మార్చి, సన్నని గొట్టంతో ట్యాంకు నీటిని బొట్లుబొట్లుగా ముప్పావుగంట పాటు కలపడం దగ్గరి దుకాణం నుంచి తెచ్చిన చేపకు సరైన పద్ధతి. రోజంతా ప్రయాణం చేసి వచ్చిన చేపకు మాత్రం ఇది ప్రమాదకరం. మూసిన సంచిలో చేప వదిలిన కార్బన్ డయాక్సైడ్ వల్ల పీహెచ్ తగ్గి, అక్కడ పేరుకున్న అమ్మోనియా విషం కాని రూపంలో ఉంటుంది. సంచి విప్పగానే ఆ వాయువు పోయి పీహెచ్ లేస్తుంది, అమ్మోనియా విషంగా మారుతుంది. అటువంటప్పుడు వేడి సమం చేసి, పంపినవారి నీటి గుణాలను ముందే కనుక్కుని, దానికి దగ్గరగా తయారుచేసిన క్వారంటైన్ ట్యాంకులోకి చేపను వలతో త్వరగా మార్చాలి. సంచి నీటిని ఎప్పుడూ ట్యాంకులో పోయకూడదు.

క్వారంటైన్ మూడు నాలుగు వారాలు ఉండాలి.

ఆడ, మగ చేపలను ఎలా గుర్తుపట్టాలి?

పెద్ద ఆడ చేప పొట్ట గులాబీ రంగులో ఉంటుంది, ఒంటి పక్కనున్న నల్లమచ్చ లోపల నీలి మెరుపు పొలుసులు కనిపిస్తాయి. మగ చేపలో ఆ మచ్చ సాధారణంగా శుద్ధ నలుపు, వీపు రెక్కలో రెండవ, మూడవ ముళ్లు పొడవుగా సాగి ఉంటాయి. ఫారం చేపలలో రెక్కల పొడవు మోసం చేస్తుంది కనుక పొట్ట రంగునే ఎక్కువ నమ్మాలి. ఎలక్ట్రిక్ బ్లూ రకంలో మచ్చే ఉండదు కాబట్టి ఈ గుర్తులలో సగం పనిచేయవు.

తోడుగా ఏ చేపలను ఉంచవచ్చు?

ఈ వేడిని, ఈ మెత్తని నీటిని ఇష్టపడేవి మాత్రమే. కార్డినల్ టెట్రా కూడా ఒరినోకో ప్రాంతంలో దొరికేదే, అది పదికి తక్కువ కాకుండా గుంపుగా ఉంటే రామ్ సైతం నిశ్చింతగా తిరుగుతుంది. రమ్మీనోజ్ టెట్రాలు, స్టెర్బాయ్ కోరిడోరాస్ కూడా సరిపోతాయి. చూడడానికి కార్డినల్‌లా ఉండే నియాన్ టెట్రాకు చల్లని నీరు కావాలి కనుక వద్దు. గోల్డ్ ఫిష్‌దీ అదే సంగతి. ఆఫ్రికా సరస్సుల సిక్లిడ్‌లకు గట్టి క్షార నీరు కావాలి, పైగా అవి దూకుడు స్వభావం కలవి, రెంటినీ ఒకే ట్యాంకులో పెట్టడం రామ్‌కు మరణశిక్షే.

ఏం పెట్టాలి, ఎంత పెట్టాలి?

నాణ్యమైన, నీటిలో మునిగే చిన్న గుళికలు ప్రధాన ఆహారం. వారానికి మూడు నాలుగు సార్లు గడ్డకట్టించి అమ్మే బ్రైన్ ష్రింప్, డాఫ్నియా వంటి చిన్న నీటి జీవులను, అప్పుడప్పుడు బ్లడ్‌వార్మ్స్ అనే ఎర్రటి పురుగులను ఇవ్వవచ్చు. రోజుకు రెండుసార్లు, రెండు నిమిషాలలో తినగలిగినంతే. నోరు చిన్నది, తినే తీరు నెమ్మది. టెట్రాలు పైనే తినేస్తుంటే దీని వాటా అడుగుకు చేరిందో లేదో చూసుకోవాలి.

నా చేప రంగు వెలిసిపోయింది. రంగు పెంచే మేత వేయాలా?

ముందు నీటిని పరీక్షించండి. రంగు తగ్గడానికి నైట్రేట్ పేరుకోవడం, వేడి తగ్గడం, తోటి చేపల వేధింపు, తెల్లటి నేల, తీవ్రమైన వెలుతురు, హార్మోన్ల ప్రభావం తీరిపోవడం వంటి కారణాలు ఉంటాయి. ఉదయం దీపం వేయగానే పాలిపోయి కనిపించి గంటలో మామూలు కావడం సహజం. ఒళ్లంతా నల్లబడి మూలకు చేరితే మాత్రం అది జబ్బుకో భయానికో గుర్తు.

మలం తెల్లటి దారంలా వస్తోంది, తినడం మానేసింది. ఏం చేయాలి?

పేగులలో పరాన్నజీవులు ఉన్నప్పుడు ఈ లక్షణం కనిపిస్తుంది, కొన్ని రోజులు తిండి లేకపోయినా ఇలాగే ఉంటుంది. అందుచేత మలాన్ని ఒక్కదాన్నే చూసి నిర్ణయించకూడదు. తిండిని నోట్లోకి తీసుకుని ఉమ్మివేయడం, పొట్ట లోపలికి పోవడం, రంగు నల్లబడడం కూడా తోడైతే చేపను వేరే ట్యాంకుకు మార్చి చికిత్స మొదలుపెట్టాలి. స్పైరోన్యూక్లియస్ వంటి ఏకకణ జీవులకు మెట్రోనిడజోల్ వాడతారు, చేప ఇంకా తింటున్న దశలో దానిని మేతలో కలిపి ఇస్తేనే ఎక్కువ ఫలితం ఉంటుంది. పేగు పురుగులకు మందు వేరు. మోతాదును చేపల వైద్యం తెలిసిన పశువైద్యుని అడిగి నిర్ణయించుకోవడం క్షేమం.

ఒంటి మీద ఉప్పు రేణువుల్లాంటి తెల్లచుక్కలు వస్తే అది ఇక్ అనే జబ్బు. చర్మంలో దాగిన పరాన్నజీవిని మందు తాకలేదు, నీటిలో ఈదే దశలో ఉన్నప్పుడే చంపగలదు. చుక్కలు రాలిపోగానే మందు ఆపేయడం వల్లనే అది తిరిగి వస్తుంది. వేడిని నెమ్మదిగా 30 డిగ్రీలకు పెంచితే దాని జీవితచక్రం త్వరగా తిరిగి చికిత్సా కాలం తగ్గుతుంది, రామ్ ఆ వేడికి అలవాటుపడినదే కనుక ఇబ్బంది పడదు.

మా జత మూడుసార్లు గుడ్లు పెట్టి మూడుసార్లూ తినేసింది. పిల్లలు ఎప్పటికైనా వస్తాయా?

వస్తాయి, కాస్త ఓపిక పట్టాలి. కొత్త జత మొదటి కొన్ని సార్లు గుడ్లు తినేయడం మామూలే. ఇవి చదునైన రాయినో వెడల్పాటి ఆకునో శుభ్రంగా నోటితో తుడిచి, దాని మీద 150 నుంచి 300 వరకు గుడ్లు పెట్టి, ఆడ మగ రెండూ వంతులవారీగా రెక్కలతో విసురుతూ కాపలా కాస్తాయి. రెండు మూడు రోజులలో పొదిగిన పిల్లలను తల్లిదండ్రులు నోటితో తీసుకువెళ్లి ఇసుకలో తవ్విన గుంటలకు మారుస్తాయి. చాలామంది ఈ దశలోనే పిల్లలను తినేశాయని పొరబడతారు. మరో నాలుగైదు రోజులకు పిల్లలు ఈదడం మొదలుపెట్టి, మబ్బులా గుంపుకట్టి పెద్దవాటి వెంట తిరుగుతాయి. దూరం పోయిన పిల్లను తండ్రి నోట్లో పెట్టుకుని గుంపులో ఉమ్మివేయడం చూసినవారు దానిని మరిచిపోలేరు.

తెల్లబడిన గుడ్లు ఫలించనివి, వాటిని తినడం తప్పు కాదు, అది బూజు పాకకుండా ఆపుతుంది. అన్నీ తెల్లబడుతుంటే నీరు గట్టిగా ఉందేమో, జతలో రెండూ ఆడవేనేమో, మగది హార్మోన్లతో పెరిగినదేమో చూడాలి. మంచి గుడ్లనే తింటుంటే భయమే కారణం కావచ్చు. రాత్రిపూట కోరిడోరాస్ వచ్చి గుడ్లు తినడం తరచుగా జరుగుతుంది, తెల్లవారి మనం నిందించేది మాత్రం తల్లిదండ్రులను. కాబట్టి జతను ఒంటరిగా ఒక ట్యాంకులో ఉంచి, రాత్రి ఒక చిన్న మసక దీపం వెలిగించి ఉంచి చూడండి.

అనేక తరాలుగా ఫారాలలో గుడ్లను విడదీసి కృత్రిమంగా పొదిగించడం వల్ల కొన్ని వంశాలలో సంరక్షణ బుద్ధే బలహీనపడింది. అలాంటి జతతో రాయిని గుడ్లతో సహా వేరే తొట్టికి మార్చి, పక్కన ఎయిర్ స్టోన్ పెట్టి, బూజు రాకుండా కొద్దిగా మెథిలిన్ బ్లూ కలిపి పొదిగించవచ్చు. అయినా తల్లిదండ్రులు పెంచే అవకాశం ఇంకా ఉన్నంతవరకు ఆ గుడ్లను తీయకపోవడమే నాకు ఇష్టం.

పిల్లలు ఈదిన రోజు నుంచి మొదట ఇన్ఫ్యూసోరియా (అతి సూక్ష్మమైన నీటి జీవులు) లేదా మైక్రోవార్మ్స్ (సన్నని చిన్న పురుగులు), కొద్దిరోజులకు అప్పుడే పొదిగిన ఆర్టీమియా (బ్రైన్ ష్రింప్) రోజుకు నాలుగైదుసార్లు కొంచెం కొంచెంగా ఇవ్వాలి. వాటి పొట్టలు నారింజ రంగులోకి తిరిగితే ఆర్టీమియా తింటున్నాయని తెలుస్తుంది.

ఎంతకాలం బతుకుతుంది?

మంచి సంరక్షణలో రెండు నుంచి మూడేళ్లు, కొన్ని నాలుగేళ్లు. ఫారంలో బాగా పెరిగి వచ్చిన చేప ఇంటికి వచ్చేసరికే దాని ఆయుష్షులో కొంత గడిచిపోయి ఉంటుంది కనుక చిన్న వయసు చేపలను ఎంచుకోవడం మేలు.

ఇదంతా మా వల్ల కాదేమో అనిపిస్తోంది. వేరే దారి ఉందా?

బొలీవియన్ రామ్ ఉంది. మైక్రోజియోఫేగస్ ఆల్టిస్పినోసస్ అనే ఈ దగ్గరి బంధువు ఏడెనిమిది సెంటీమీటర్లు పెరుగుతుంది, 23 నుంచి 26 డిగ్రీల నీటిలో హాయిగా ఉంటుంది, పీహెచ్ 7.5 వరకు అభ్యంతరం చెప్పదు. రంగులు కాస్త మృదువుగా ఉంటాయి గాని, ఇసుక జల్లెడ పట్టే ఆ అలవాటు, పిల్లలను కాపాడే ఆ తీరు అలాగే ఉంటాయి. సిక్లిడ్ పెంపకం దీనితో మొదలుపెట్టి, ఒక సంవత్సరం తరువాత నీటి మీద పట్టు వచ్చాక రామిరెజి వైపు రావచ్చు.

ఇప్పటికే రామ్‌ను తెచ్చుకుని పెంచలేకపోతున్నవారు దానిని చెరువులోనో వాగులోనో వదలవద్దు. చల్లని కాలంలో అది చనిపోతుంది, బతికితే అక్కడి చేపలకు మన ట్యాంకులోని జబ్బులు అంటవచ్చు. స్థిరపడిన ట్యాంకు ఉన్న మరొక పెంపకందారునికి అప్పగించండి, దానితో పాటు మీ నీటి కొలతలు రాసిన కాగితం కూడా ఇవ్వండి, కొత్త ఇంట్లో దానిని వదిలే ముందు ఆ అంకెలు అవసరమవుతాయి.